రేనమ్ హాల్ దెయ్యం ఎవరి ఆస్తి?

దెయ్యాల ఫొటోల మీద ఎవరు వీడియో చేసినా ఆ ఒక్క ఫొటో మాత్రం తప్పకుండా చూపిస్తారు. వెడల్పాటి చెక్క మెట్లు. వాటి మీద, సగం దిగి ఆగినట్టు, మేలిముసుగు కప్పుకున్న తెల్లటి ఆకారం. ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు. నడుం కిందికి చూస్తే వెనకున్న మెట్లు ఆకారంలోంచి కనబడుతుంటాయి. ఇంగ్లండులోని నార్ఫోక్ కౌంటీలో రేనమ్ హాల్ అనే పాత భవంతిలో, 1936 సెప్టెంబరు 19 సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో తీసిన ఫొటో అది. ఆ ఆకారానికి ‘బ్రౌన్ లేడీ’ అని పేరు.

నాకు దెయ్యం కథలంటే ఇష్టం. కరెంటు పోయిన రాత్రుళ్ళు డాబా మీద పడుకుని పెద్దవాళ్ళ చేత చెప్పించుకున్న కథలతో పెరిగినవాణ్ణి. దెయ్యాలు ఉన్నాయా లేవా అన్న తగువు నాకు అక్కర్లేదు. నా పేచీ వేరే. ఈమధ్య చదువుకున్నవాళ్ళు ఇష్టంగా చెప్పే మాట ఒకటుంది: దెయ్యం కథంటే నోరులేనివాళ్ళ చరిత్ర అని. పెద్దింట్లో అన్యాయమైపోయిన ఆడమనిషి గురించి ఎవరూ రాయరు కాబట్టి, ఊరు ఆవిణ్ణి దెయ్యంగానైనా గుర్తుపెట్టుకుంటుందని. మన గడీల విషయంలో ఇది కొంత నిజం కావచ్చు, అక్కడ కథ చెప్పేది గోడకి బయట ఉన్నవాళ్ళు. రేనమ్ విషయంలో మాత్రం చెల్లదు. అక్కడ దెయ్యాన్ని చూశామన్నవాళ్ళు, దాని గురించి రాసినవాళ్ళు, దాన్ని అచ్చుకి ఇచ్చినవాళ్ళు అందరూ కల్నళ్ళు, కెప్టెన్లు, దొరసానులు. ఆ కథ వల్ల డొరొతీ వాల్పోల్ అనే మనిషి మనకి గుర్తుండిపోలేదు సరిగదా, పూర్తిగా కనబడకుండా పోయింది.

ఇల్లు కట్టడం 1619లో సర్ రోజర్ టౌన్‌షెండ్ మొదలుపెట్టాడు. ఎర్ర ఇటుక, తెల్లరాతి అంచులు, పైన డచ్చి పద్ధతిలో వంపులు తిరిగిన గోడలు. నాలుగు వందల ఏళ్ళయినా ఇప్పటికీ ఆ వంశం చేతుల్లోనే ఉంది. ఆ ఇంటి గురించి ఇంతకంటే చెప్పుకోవాల్సింది ఇంట్లో మనుషుల గురించి.

కథ ఇలా చెబుతారు. ఇంగ్లండు మొదటి ప్రధానమంత్రిగా పేరుపడ్డ రాబర్ట్ వాల్పోల్‌కి డొరొతీ అని చెల్లెలు. పక్క ఎస్టేటు కుర్రాడు చార్లెస్ టౌన్‌షెండ్, ఈమె ప్రేమించుకున్నారు. చార్లెస్ తండ్రి చిన్నప్పుడే పోతే డొరొతీ నాన్నే అతనికి గార్డియన్‌గా ఉన్నాడు. ఆస్తి కోసం పిల్లనిచ్చాడని లోకం అంటుందని ఆయన ఒప్పుకోలేదు. చార్లెస్ ఇంకొకరిని చేసుకున్నాడు. ఆ బాధలో డొరొతీ, ఆడవాళ్ళ విషయంలో చెడ్డపేరున్న లార్డ్ వార్టన్ వలలో పడింది. మొదటి భార్య పోయాక చార్లెస్ డొరొతీనే పెళ్ళాడాడు కానీ పాత సంగతి తెలిసి ఆమెను గదిలో పెట్టి తాళం వేశాడు. పిల్లల మొహం కూడా చూడనివ్వలేదు. 1726లో చచ్చిపోయింది. మశూచి అని రాశారు గానీ తిండి పెట్టక చంపారని ఒకరు, మెట్ల మీంచి తోశారని ఒకరు, ఉత్తుత్తి శవపేటికని పూడ్చి ఆమెను ఇంకా చాలా ఏళ్ళు లోపలే ఉంచారని ఇంకొకరు. అప్పట్నుంచీ గోధుమరంగు పట్టుగౌనులో, చేతిలో దీపంతో తిరుగుతోంది.

దీన్ని చిన్న లెక్కతో పరీక్షించొచ్చు. చార్లెస్ 1674లో పుట్టాడు, డొరొతీ 1686 సెప్టెంబరులో. అతనికి ఇరవయ్యొక్కేళ్ళు నిండి, గార్డియన్ల అవసరం తీరిన 1695 నాటికి ఆమెకి ఎనిమిదేళ్ళు. అతను ఎలిజబెత్ పెలామ్‌ని పెళ్ళిచేసుకున్న 1698లో ఆమెకి పదకొండు. ఆమె తండ్రి 1700లో పోయాడు. ఈ భగ్నప్రేమ ఎప్పుడు జరిగింది? పదకొండేళ్ళ పిల్ల విరహంతో కుమిలిపోయిందని మూడు వందల ఏళ్ళ తర్వాత కూడా ఇంటర్నెట్ నిండా రాసుకుంటున్నారంటే, వాళ్ళలో ఎవరూ రెండు పుట్టిన తేదీల్ని పక్కపక్కన పెట్టి చూడలేదన్నమాట.

వార్టన్ పుకారు సంగతి వేరు. అది ఆ కాలంలోనే లండన్ పెద్దిళ్ళలో చెప్పుకున్న కబురు. వార్టన్ భార్య ఈ అమ్మాయిని కావాలనే తమ ఇంట్లో ఉంచుకుందని, అన్నగారు పరుగున వెళ్ళి తీసుకొచ్చాడని. నిజమెంతో గానీ, పెళ్ళికి ముందే ఊరంతా చెప్పుకున్న విషయం పెళ్ళయ్యాక మొగుడికి కొత్తగా తెలిసి కోపం తెప్పించిందంటే ఎలా నమ్మాలి?

అసలు ఈ పెళ్ళి ఏ సమయంలో జరిగిందో చూడాలి. 1712లో రాబర్ట్ వాల్పోల్ అవినీతి కేసులో ఆరు నెలలు లండన్ టవర్ జైల్లో ఉన్నాడు. అదే ఏడాది చార్లెస్ టౌన్‌షెండ్ కుదిర్చిన ఒప్పందం దేశానికి ద్రోహమని పార్లమెంటు తీర్మానించింది. ఇద్దరూ విగ్ పార్టీ వాళ్ళే, ఇద్దరికీ పదవుల్లేవు, శత్రువులు మాత్రం ఒక్కరే. 1713లో, నలుగురూ దూరం పెట్టిన ఈ ఇద్దరి మధ్య డొరొతీ పెళ్ళి జరిగింది. ఆమెకి ఇరవయ్యారు, పెళ్ళికొడుక్కి ముప్ఫై తొమ్మిది, ఇంట్లో మొదటి భార్య పిల్లలు. మరుసటి ఏడాది జర్మనీ నుంచి మొదటి జార్జి వచ్చి గద్దెనెక్కాడు, విగ్గుల ప్రత్యర్థులైన టోరీల రోజులు పోయాయి. టౌన్‌షెండ్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ అనే పెద్ద మంత్రి అయ్యాడు. వెనకే బావమరిదీ పైకొచ్చాడు.

మన దగ్గర అల్లుళ్ళ, తోడల్లుళ్ళ, బావమరుదుల రాజకీయం చూస్తూ పెరిగినవాళ్ళకి ఇక్కడ వివరించాల్సిందేమీ లేదు. 1717లో రాజుగారు టౌన్‌షెండ్‌ని పదవి నుంచి తీసేస్తే వాల్పోల్ కూడా వెంటనే రాజీనామా చేసి బయటికొచ్చాడు. 1721 నాటికి ఇద్దరూ కలిసే మళ్ళీ లోపలికెళ్ళారు. సౌత్ సీ కంపెనీ షేర్లు కుప్పకూలి దేశం గగ్గోలెత్తుతున్న రోజులు. ఖజానా ఒకరిది, విదేశీ వ్యవహారాలు ఒకరివి. తొమ్మిదేళ్ళ పాటు ఇంగ్లండు ఆ ఇద్దరి చేతిలో ఉంది, ఆ ఇద్దరి మధ్య ఉన్న చుట్టరికం డొరొతీ. ఒకడికి భార్య, ఒకడికి చెల్లెలు. అన్నగారి హౌటన్ హాల్, అత్తవారి రేనమ్ హాల్ రెండూ నార్ఫోక్‌లోనే, ఒక పూటలో వెళ్ళి రాగలిగినంత దూరం.

1726 మార్చి 29న ఆమె పోయింది. ఆ తర్వాత బావాబావమరుదుల మధ్య మాట మాటకీ తేడా వచ్చింది. హౌటన్‌లో కొత్త భవంతి, అందులో విందులు, దానికొచ్చే జనం చూసి రేనమ్ పెద్దమనిషికి కడుపు మండిందంటారు. కంపెనీకి ‘టౌన్‌షెండ్ అండ్ వాల్పోల్’ అని పేరున్నంత కాలం అంతా సవ్యంగానే నడిచింది, ‘వాల్పోల్ అండ్ టౌన్‌షెండ్’ అయ్యేసరికే చెడిందని వాల్పోలే అన్నాడట. ఒకసారి ఒక స్నేహితుడి ఇంట్లో మాటామాటా పెరిగి, ఒకరి కాలరు ఒకరు పట్టుకుని, కత్తుల మీద చేతులు వేసుకునేదాకా పోయింది. ఇంటావిడ హడలిపోయి కాపలావాళ్ళని కేకేయబోతే పక్కవాళ్ళు ఆపారు. ఇద్దరూ యాభై దాటినవాళ్ళు, దేశాన్ని ఏలుతున్నవాళ్ళు. 1730 మేలో టౌన్‌షెండ్ రాజీనామా చేసి రేనమ్ వచ్చేశాడు, మళ్ళీ రాజకీయాల జోలికి పోలేదు. ఈ తగవుకి విదేశాంగ విధానంలో తేడాలు కారణమని చరిత్రకారులు వివరంగా రాస్తారు, దాంతోపాటు డొరొతీ చావుతో మధ్యలో ఉన్న ముడి ఊడిపోయిందనీ రాస్తారు. సర్ది చెప్పే మనిషి ఇంట్లో లేకపోతే ఏమవుతుందో చూసినవాళ్ళకి ఆ రెండో మాట చిన్నదిగా అనిపించదు.

దెయ్యం కథలో ఈ డొరొతీ ఎక్కడుంది? ఒక మంత్రివర్గాన్ని కలిపి ఉంచిన మనిషిని, గదిలో ఏడుస్తూ కూచున్న బందీగా మార్చేశారు. పైగా దీన్ని ఆమె మీద జాలి అంటారు.

మశూచి అన్న మాటని అనుమానించడం కూడా మన కాలపు అమాయకత్వమే. ఆ రోజుల్లో అమ్మవారు పోస్తే రాజూ పేదా తేడా లేదు. 1694లో రాణి రెండో మేరీనే దాంతో పోయింది. టర్కీలో చూసొచ్చిన పద్ధతిలో లేడీ మేరీ వర్ట్‌లీ మాంటగ్యు లండన్‌లో తన కూతురికి మశూచి చీము ఎక్కించి, ఇలా చేస్తే పెద్దజబ్బు రాదని చూపించింది 1721లో. ఆ తర్వాత అయిదేళ్ళకే డొరొతీ పోయింది. జెన్నర్ టీకా రావడానికి ఇంకా డెబ్భై ఏళ్ళు ఉంది. నలభై నిండని, కాన్పు మీద కాన్పు అయిన ఆడమనిషి మశూచితో పోవడంలో రహస్యమేముంటుంది?

ఇంకొక సాక్ష్యం ఉంది, నాకు ఇదే అన్నిటికంటే గట్టిగా తోస్తుంది. రాబర్ట్ వాల్పోల్ చిన్నకొడుకు హొరేస్ వాల్పోల్. డొరొతీ అతనికి స్వయానా మేనత్త, ఆమె పోయేనాటికి అతనికి ఎనిమిదేళ్ళు. పెద్దయ్యాక ఆ శతాబ్దంలోనే ఇతన్ని మించిన కబుర్లపోగు లేడనిపించుకున్నాడు. ఎవరింట్లో ఎవరు ఎవరితో అన్నది వేల ఉత్తరాల్లో రాసిపడేశాడు. దెయ్యాల పిచ్చీ ఉంది. 1762లో లండన్ కాక్ లేన్‌లో ఒక ఇంట్లో గోడల మీద దెయ్యం తడుతోందంటే రాజుగారి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని అర్ధరాత్రి ఇరుకు గదిలో నిలబడి చూసొచ్చాడు. 1764లో పాడుబడ్డ కోట, శాపం, కదిలే చిత్రపటం పెట్టి ఇంగ్లీషులో మొదటి గాథిక్ నవలగా పేరుపడ్డ పుస్తకం రాసింది కూడా ఇతనే. సొంత మేనత్త దెయ్యమై పక్క ఎస్టేటులో తిరుగుతుంటే ఇలాంటి మనిషి నోరు మూసుకుని కూచునేవాడా? బ్రౌన్ లేడీ కథ చెప్పేవాళ్ళు ఎవరూ సాక్ష్యానికి హొరేస్‌ని పిలవరు. నేరుగా 1835కి దూకేస్తారు.

1835 క్రిస్మస్. రేనమ్‌లో చుట్టాలూ స్నేహితులూ చేరారు. కల్నల్ లాఫ్టస్ అనే అతిథి, హాకిన్స్ అనే ఇంకొకాయన, రాత్రి పడుకోబోతూ నడవలో గోధుమరంగు గౌను మనిషిని చూశారట. మర్నాడు రాత్రి లాఫ్టస్‌కి మళ్ళీ కనిపించింది, ఈసారి కళ్ళున్న చోట నల్లటి గుంటలు. ఇది విని పనివాళ్ళు కొందరు మానేసి వెళ్ళిపోయారని లూసియా స్టోన్ అనే ఆవిడ రాసిన కథనం చెబుతుంది. ఆ పనివాళ్ళలో ఒక్కరి పేరూ లేదు, వాళ్ళేం చూశారో ఎవరూ అడగలేదు. దీపాలు వెలిగించి, బొగ్గులు మోసి, ఆ నడవలో చీకట్లో రోజూ తిరిగేది వాళ్ళే. అతిథులు రెండు రాత్రులకి చూసేశారు. నోరులేనివాళ్ళ చరిత్ర అంటే ఇదేనా?

మరుసటి ఏడాది కెప్టెన్ ఫ్రెడరిక్ మారియట్ వచ్చాడు. నౌకాదళంలో పేరుమోసిన అధికారి, సముద్రపు నవలలతో పేరు సంపాదించిన రచయిత కూడా. దెయ్యమేమీ కాదు, చుట్టుపక్కల దొంగసరుకు రవాణా చేసేవాళ్ళ పని అని అతని అనుమానం. డొరొతీ చిత్రం ఉన్న గదిలోనే పడుకున్నాడు, తలగడ కింద గుళ్ళు నింపిన పిస్తోలు పెట్టుకుని. మూడో రాత్రి ఇంటివాళ్ళ కుర్రాళ్ళిద్దరు లండన్ నుంచి వచ్చిన కొత్త తుపాకీ చూద్దురు రమ్మని తలుపు తట్టారు. చూసి తిరిగొస్తుంటే నడవ చివర దీపం. మారియట్ చొక్కా, పంట్లాంలోనే ఉన్నాడు. ఇంట్లో ఆడవాళ్ళెవరో వస్తున్నారు, ఈ వాలకంలో చూస్తే బాగోదని ముగ్గురూ ఒక తలుపు వెనక్కి జరిగారు. సందులోంచి చూస్తే చిత్రంలో ఉన్న గౌనే. ఆవిడ సరిగ్గా ఆ తలుపు ముందు ఆగి, దీపం మొహం దాకా ఎత్తి, పళ్ళికిలించి నవ్వింది. మారియట్ బయటికి దూకి మొహం మీద కాల్చాడు. ఆకారం మాయం. గుండు మాత్రం ఎదురు తలుపు చెక్కలో దొరికింది.

చొక్కా గురించి మొహమాటపడడం ఈ కథలో అద్భుతమైన వివరం. ఎవరు చెప్పారో గానీ కథ చెప్పడం తెలిసినవాళ్ళు. అచ్చులోకి తెచ్చింది మారియట్ కూతురు ఫ్లారెన్స్, 1891లో, చనిపోయినవాళ్ళ ఆత్మలు మనతో మాట్లాడతాయని నిరూపించడానికి రాసిన పుస్తకంలో. ఈ ఫ్లారెన్స్ మద్రాసు సైన్యంలో పనిచేసే అధికారిని పెళ్ళాడి కొన్నేళ్ళు మన దక్షిణాదిలో కాపురం చేసిన మనిషి. ఆమె పుట్టింది 1833లో, అంటే తండ్రి పిస్తోలు కాల్చిన నాటికి మూడేళ్ళ పాప. తండ్రి 1848లో పోయాడు. జరిగిందన్న రోజుకీ రాసిన రోజుకీ మధ్య యాభై అయిదేళ్ళు. ఇంటి యజమానిని ‘సర్ చార్లెస్’ అనీ బారోనెట్ అనీ రాసింది. టౌన్‌షెండ్‌లు మార్క్విస్‌లు అయింది 1787లో. మన జమీందారీల్లో రాజాగారిని మునసబుగారని రాస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఇంటి పెద్ద హోదాయే తప్పుగా గుర్తున్నప్పుడు తలుపు చెక్కలో గుండు సంగతి ఎంతవరకు నమ్మాలో మీరే చూసుకోండి.

ఆ తర్వాత కథ కొన్నాళ్ళు సద్దుమణిగింది. ఈలోపు ఇంటికి చెడ్డ రోజులొచ్చాయి. 1870ల నుంచి అమెరికా గోధుమలు ఓడల్లో దిగుతుంటే ఇంగ్లండులో పంటల ధరలు పడిపోయాయి, కౌళ్ళు పడిపోయాయి. 1894లో పెద్ద ఎస్టేటుల మీద చావుపన్ను వేశారు, యజమాని పోయిన ప్రతిసారీ వారసుడు ఖజానాకి కట్టాల్సిందే. టౌన్‌షెండ్‌లు 1904లో తాతముత్తాతల చిత్రాల్ని లండన్‌లో క్రిస్టీస్ వేలంలో అమ్ముకున్నారు. డొరొతీదని చెప్పే చిత్రం కూడా వాటితోపాటే వెళ్ళిపోయింది. ఆమె బొమ్మ ఇల్లు దాటింది గానీ దెయ్యం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. దాన్ని వేలం వేయడం కుదరదు, దాని మీద పన్నూ లేదు.

1936 నాటికి ఇంటి పెత్తనం గ్లాడిస్ టౌన్‌షెండ్‌ది. ఆరో మార్క్విస్ భార్య, అప్పటికే భర్త పోయాడు, కొడుక్కి ఇంకా ఇరవై ఏళ్ళు. చాలా తెలివైన, చురుకైన మనిషి. మూకీల రోజుల్లో సినిమాలకి కథలు రాసింది, కింగ్స్ లిన్ పట్టణానికి మొదటి మహిళా మేయరు కూడా ఈవిడే. 1936లో ఇంకొకావిడతో కలిసి నిజమైన దెయ్యాల కథలు అంటూ ఒక పుస్తకం వేసింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆ ఫొటో పడింది. రెండింటికీ ముడిపెట్టి ఎవరినీ నిందించను, ఆధారం లేదు. కానీ ‘ఎవరూ ఊహించని సమయంలో దెయ్యం కనిపించింది’ అని రాసేవాళ్ళు ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన ఎందుకు పెట్టరన్నది నా ప్రశ్న.

ఫొటో తీసింది కెప్టెన్ ప్రొవాండ్, ఇంద్రె షిరా అనే ఇద్దరు. పొద్దుటి నుంచీ భవంతిలో ఫొటోలు తీస్తూ తీస్తూ సాయంత్రానికి మెట్ల దగ్గరికొచ్చారు. కెమెరా ముందు ప్రొవాండ్ నల్లగుడ్డ కింద తల దూర్చి ఉన్నాడు. షిరా చేతిలో ఫ్లాష్. మెట్ల మీద పొగలాంటిదేదో దిగుతోందని కేకపెట్టింది షిరా ఒక్కడే. ప్రొవాండ్ లెన్స్ మూత తీశాడు, ఫ్లాష్ వెలిగింది. ప్రొవాండ్‌కి ఏమీ కనబడలేదు, నెగెటివ్ కడిగాకే నమ్మాడు. ఆ ఫొటో ‘కంట్రీ లైఫ్’ పత్రికలో అచ్చయింది డిసెంబరు 26న. ఇంగ్లండులో క్రిస్మస్ అంటే చలిమంట చుట్టూ కూచుని దెయ్యం కథలు చెప్పుకునే సీజను. 1835 కథ క్రిస్మస్‌కి పుట్టింది, ఈ ఫొటో క్రిస్మస్‌కి బయటికొచ్చింది.

హ్యారీ ప్రైస్ అనే ప్రసిద్ధ దెయ్యాల పరిశోధకుడు ఆ ఇద్దర్నీ ప్రశ్నించి, నెగెటివ్ చూసి, ఇద్దరూ కూడబలుక్కుంటే తప్ప ఇందులో మోసం లేదన్నాడు. ఆ ‘తప్ప’ని జనం సులువుగా వదిలేస్తారు. ఇదే ప్రైస్ బోర్లీ అనే ఊళ్ళో పాదిరీ బంగళాని ఇంగ్లండులోకెల్లా పెద్ద దెయ్యాలకొంప అని ప్రచారం చేశాడు, అతను పోయాక 1956లో వచ్చిన పరిశీలన ఆ పనిలో అతని నిజాయితీనే అనుమానించింది. ఇక ఫొటోని దగ్గరగా చూసినవాళ్ళు చెప్పిన సంగతి ఒకటుంది, మీరూ పెద్దది చేసి చూడొచ్చు. ప్రతి మెట్టు అంచు పైన ఇంకో లేత గీత కనిపిస్తుంది. కుడివైపు రెయిలింగ్ పైన వెలుగు మచ్చ ఒకటి రెండుసార్లు పడింది. అంటే ఒకే ప్లేటు మీద రెండు బొమ్మలు కొద్దిగా జరిగి పడ్డాయన్నమాట. కావాలని చేశారో, పొరపాటున జరిగిందో తేల్చలేం. దెయ్యం కదిలితే కదలొచ్చు, మెట్లు ఎందుకు కదులుతాయి?

ఇలా చూస్తే రేనమ్ ఒక్కటే కాదు. గంట ప్రయాణంలో బ్లిక్లింగ్ హాల్ ఉంది. ఎనిమిదో హెన్రీ తల తీయించిన రాణి ఆన్ బొలీన్, ఏటా మే 19 రాత్రి తలలేని గుర్రాల బండిలో, తన తల ఒళ్ళో పెట్టుకుని అక్కడికి వస్తుందట. ఆమెను చంపింది 1536లో. ఇప్పుడున్న భవంతి కట్టడం మొదలైంది 1616 ప్రాంతంలో, హెన్రీ హోబర్ట్ అనే జడ్జీ కట్టించాడు. అంతకుముందు ఆ చోట ఉన్న ఇల్లు బొలీన్‌లది, నిజమే. కానీ ఈ గుమ్మం ఆమె ఎప్పుడూ ఎక్కలేదు. ఈ ఇంటి చివరి యజమాని లార్డ్ లోథియన్ 1932లో మన దేశంలో ఓటుహక్కు ఎవరికివ్వాలో తేల్చే కమిటీకి అధ్యక్షుడిగా తిరిగినవాడు. 1940లో పోతూ భవంతిని నేషనల్ ట్రస్టుకి రాసిచ్చేశాడు. ఆయన గురించి వినడానికి టికెట్ కొని వచ్చేవాళ్ళు ఎందరుంటారో నాకు అనుమానమే. మే 19కి మాత్రం జనం ఉంటారు.

రేనమ్ వాళ్ళకి దెయ్యమే కాదు, ఇంకో కట్టుకథ కూడా ఉంది. డొరొతీ భర్తని ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో ‘టర్నిప్ టౌన్‌షెండ్’ అంటారు. పదవి వదిలి ఇంటికొచ్చి టర్నిప్ దుంపల సాగు తెచ్చి నార్ఫోక్ నేల దశ తిప్పాడని. గోధుమ, టర్నిప్, బార్లీ, క్లోవర్ గడ్డి, ఏడాదికొకటి మార్చి వేసే పద్ధతి. మన రైతులు జీలుగ, పిల్లిపెసర వేసి దున్నినట్టే, క్లోవర్ నేలకి నత్రజని ఇస్తుంది. టర్నిప్ చలికాలం పశువులకి మేత. పద్ధతి మంచిదే, ఆయన దాన్ని బాగా ప్రచారం చేసిన మాటా నిజమే, కవి పోప్ ఆ దుంపల మీద ఎగతాళి కూడా చేశాడు. కానీ ఆయన పుట్టకముందే నార్ఫోక్ రైతులు టర్నిప్ వేస్తున్నారని పాత లెక్కల పుస్తకాలు చూసిన చరిత్రకారులు తేల్చారు. పొలం ఘనత దొరకి, మెట్ల మీద జాలి దొరసానికి. దుంపలు నాటిన రైతు పేరు అక్కడా లేదు.

ఈ ఇంట్లో నిజంగానే కాపురం చెడిపోయిన మనిషి ఒకరున్నారు. డొరొతీ సవతి కొడుకు, తండ్రి తర్వాత మూడో వైకౌంట్ అనే బిరుదు పొందినవాడి భార్య ఆడ్రీ. కోడలై వచ్చింది 1723లో, డొరొతీ బతికుండగానే. ఆడ్రీ తండ్రి ఎడ్వర్డ్ హారిసన్, 1711 నుంచి 1717 దాకా మద్రాసులో ఫోర్ట్ సెంట్ జార్జి గవర్నరు. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ, అంటే వర్తకస్థానం, అప్పట్లో ఆ కోట కిందే ఉండేది, కోస్తా నేతగాళ్ళు నేసిన గుడ్డ ఆ దారినే ఓడలెక్కేది. ఆ రోజుల్లో కంపెనీ గవర్నర్లకి జీతం కంటే సొంత వ్యాపారం మీద వచ్చేదే ఎక్కువ. హారిసన్‌కి ఒక్కతే వారసురాలు, హెర్ట్‌ఫర్డ్ దగ్గర బాల్స్ పార్క్ అనే ఎస్టేటు ఆమె ద్వారానే టౌన్‌షెండ్‌లకి వచ్చింది. ఆమె రెండో కొడుకు ఆర్థికమంత్రిగా 1767లో అమెరికా వలసల్లో టీ మీద వేసిన పన్నే తర్వాత బోస్టన్ రేవులో కంపెనీ టీ పెట్టెలు సముద్రంలో పడడం దాకా వెళ్ళింది.

ఆడ్రీ మొగుడితో పడలేదు. 1740 ప్రాంతంలో విడిపోయి లండన్‌లో విడిగా ఇల్లు పెట్టుకుంది. ప్రేమవ్యవహారాల పుకార్లు డొరొతీ మీద కంటే ఈమె మీదే ఎన్నో రెట్లు ఎక్కువ నడిచాయి, ఆమె వాటిని లెక్కచేసిన దాఖలా లేదు. దాదాపు ఎనభై ఏళ్ళు బతికి 1788లో పోయింది. దెయ్యం కథలో డొరొతీకి అంటగట్టినవి, చెడ్డపేరు, చెడిన కాపురం, అన్నీ ఈమెవే. తేడా ఒక్కటే, ఈమె ముందు గుమ్మంలోంచి బయటికి నడిచి వెళ్ళిపోయింది. కథకి పనికిరాలేదు.

మేనత్త దెయ్యం గురించి సాక్ష్యానికి రాని హొరేస్ వాల్పోల్ ఈ ఆడ్రీ మాటల్ని మాత్రం ఉత్తరాల నిండా రాసుకున్నాడు. 1746లో స్కాట్‌లండ్ తిరుగుబాటు నాయకుల్ని లండన్‌లో విచారిస్తుంటే చూడ్డానికి వెళ్ళి, ముద్దాయిల్లో లార్డ్ కిల్మార్నక్ మీద మనసుపడిందట. అతనికి మరణశిక్ష పడింది. ఆ రోజుల్లో ఆడ్రీ ఎవరు భోజనానికి పిలిచినా వెళ్ళడం మానేసింది. ఎందుకమ్మా అంటే, ఊళ్ళో అందరూ రక్తం మరిగి ఉన్నారు, ఏ ఇంట్లో తిరుగుబాటుదారుణ్ణి కూరి ‘పై’ రొట్టె చేసి వడ్డిస్తారోనని భయంగా ఉందందట.